నేత కనబడాలి: చీర ఫోటో పాడవకుండా పంపడం గురించి

(మంగళగిరిలో చేనేత చీరలు అమ్ముకునేవాళ్లు కొందరు కలిసి కూర్చున్నప్పుడు మాట్లాడిన మాటలకు అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండి, నేను చూపించబోయేవన్నీ సన్న గీతలు, అంత దూరం నుంచి కనబడవు. ఫోన్లు లోపల పెట్టొద్దు, చేతిలోనే ఉంచుకోండి, ఇవాళ వాటితోనే పని.

నేను చాలాకాలం పెళ్లి ఫోటోలు తీశాను, మీలో కొందరి ఇళ్లలో పెళ్లిళ్లకి కూడా వచ్చాను. ఈ ఆరేళ్ల నుంచి మాత్రం ఎక్కువగా చీరలే తీస్తున్నాను. పెళ్లి ఫోటో కాస్త మసకైనా ఇంట్లోవాళ్లు ఓర్చుకుంటారు, పిల్ల మొహం, పిల్లాడి మొహం కనబడితే చాలు వాళ్లకి. చీర ఫోటో అలా కాదు. కొనేవాళ్లు బట్టని చేత్తో తాకరు, వెలుతురుకి ఎత్తి చూడరు, మడత విప్పి కొంగు చూపించమని అడగరు, వాళ్లకి దొరికేది ఆ ఫోటో ఒక్కటే. అందులో నేత కనబడకపోతే మగ్గం మీద నేసిన చీరా, పవర్‌లూమ్ చీరా ఒకేలా ఉంటాయి. అప్పుడు ధర దగ్గర మనం ఓడిపోతాం. ఈ విషయం మీద నాకింత పట్టుదల ఎందుకో అర్థమైందనుకుంటాను.

ముందు ఒక చీర సంగతి చెబుతాను. మూడేళ్ల కిందట ఒక నెమలికంఠం రంగు చీర తీశాను. నిలువు పోగు పడుగు నీలం, అడ్డం పోగు పేక ఆకుపచ్చ, కదిలిస్తే మెడ తిప్పిన నెమలిలాగే రంగు మారేది. సన్న గళ్లు, జరీ అంచు. కిటికీ పక్కన పరిచి, పొద్దున వెలుతురులో తీశాను, బాగా వచ్చింది. దాన్ని నేసినాయన కొడుక్కి వాట్సాప్‌లో మామూలుగా పంపాను. ఆ అబ్బాయి ఒక షాపుకి పంపాడు. షాపువాళ్లు ఏదో యాప్‌లో వేసి కింద షాపు పేరు, పైన పూలదండ పెట్టి పోస్ట్ చేశారు. ఆ పోస్ట్‌ని ఒకామె స్క్రీన్‌షాట్ తీసుకుని, షాపు పేరు కత్తిరించి, డాలస్‌లో ఉన్న చెల్లెలికి పంపింది. ఆవిడ ఆర్డర్ ఇచ్చింది. చీర వెళ్లింది. నెల తిరక్కుండా ఊరికొస్తున్న చుట్టాల చేతికిచ్చి వెనక్కి పంపింది. "ఫోటోలో ముదురు నీలం ప్లెయిన్ చీర చూశాను, ఇది గళ్ల చీర, ఇందులో ఆకుపచ్చ ఉంది" అని.

ఆవిడ చెప్పింది నిజం. నేను ఆ ఫోటో తెప్పించుకుని నా దగ్గరున్న అసలుదాని పక్కన పెట్టి చూశాను. గళ్లు లేవు. గళ్లు ఉండాల్సిన చోట మురికి నీలం చదరాలు, స్నానాల గదిలో టైల్స్ పరిచినట్టు. జరీ అంచులో పోగులన్నీ కలిసిపోయి పసుపు పూసినట్టు ఒక పట్టీ. పేకలో ఉన్న ఆకుపచ్చ ఎక్కడా లేదు. నేసినవాళ్లది తప్పు కాదు, కొన్నావిడదీ కాదు. మొదటి తప్పు నాదే, నేను ఆ ఫోటో పంపిన తీరు. ఆ రోజు నుంచి ఇది నేర్చుకోవడం మొదలుపెట్టాను.

ఫోటో ఎందుకు అలా అయిపోతుందో తెలిస్తే మిగతావన్నీ మీకే తోస్తాయి, అందుకని దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మనం పంపే ఫోటోల్లో ఎక్కువ జేపెగ్ పద్ధతిలో, అంటే ఫోటోని కుదించి చిన్న ఫైల్‌గా దాచే పద్ధతిలో ఉంటాయి. 1992లో స్థిరపడిన పద్ధతి అది, ఈ రోజుకీ నడుస్తోంది. దాని లోపల ఉన్న లెక్క 1974లో వచ్చిన ఒక చిన్న పేపర్ నుంచి వచ్చింది, ఆ పేపర్ రాసిన ముగ్గురూ మనవాళ్లే. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, ఆయన విద్యార్థి నటరాజన్, మూడో ఆయన కె.ఆర్.రావు, అంటే కామిశెట్టి రామమోహన రావు గారు. రావు గారు టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పారు. ఆ ఊరు డాలస్ పక్కనే. నేను ఈ సంగతి చదివినప్పుడు ఆ వెనక్కొచ్చిన చీరే గుర్తొచ్చింది.

సరే, ఆ లెక్క ఏం చేస్తుంది? మీ ఫోటోని గళ్లుగా కోస్తుంది. ఎనిమిది పిక్సెళ్లు అడ్డం, ఎనిమిది పిక్సెళ్లు నిలువు, అంటే అరవై నాలుగు చుక్కలకి ఒక గడి. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే 1080 బై 1350 ఫోటో తీసుకుంటే అందులో ఇలాంటి గళ్లు ఇరవై రెండు వేల పైచిలుకు ఉంటాయి. ఒక్కో గడిలో ఏముందో విడివిడిగా చూస్తుంది. గడిలో రంగు నెమ్మదిగా మారుతుంటే ఆ సంగతి జాగ్రత్తగా రాసుకుంటుంది. గబగబా మారుతుంటే, అంటే ఒక చుక్క నలుపు, పక్క చుక్క తెలుపు, మళ్లీ నలుపు, ఇలాంటివి ఉంటే సైజు తగ్గించాల్సి వచ్చినప్పుడు ముందు వాటినే పారేస్తుంది. మనిషి కన్ను సాధారణంగా వాటిని అంతగా పట్టించుకోదు కాబట్టి ఆ పద్ధతి పెట్టారు. ఆకాశం ఫోటోకీ, గోడ ఫోటోకీ, పిల్లల బుగ్గలకీ ఇది చక్కగా సరిపోతుంది. కానీ గళ్ల చీర అంటే ఏమిటి? ఎక్కడ చూసినా గబగబా మారడమే కదా. నేత అంతా ఆ పారేసే సంగతుల్లోనే ఉంటుంది. అందుకే అదే ఫోన్, అదే యాప్, మనిషి ఫోటో బాగానే వెళ్తుంది, చీర ఫోటో మాత్రం చెడిపోతుంది. మీ ఫోన్ మంచిది కాదని మీరు బాధపడుతున్నారే, చాలాసార్లు తప్పు ఫోన్‌ది కాదు.

రంగు సంగతి ఇంకోటి. జేపెగ్ వెలుతురుని ప్రతి చుక్కకీ విడిగా రాసుకుంటుంది కానీ రంగుని మాత్రం చాలా యాప్‌లు నాలుగు చుక్కలకి కలిపి ఒక్కసారే రాసుకుంటాయి. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు ఉన్న బట్టకి ఇది ఎంత నష్టమో ఆలోచించండి. ఆకుపచ్చ చీరకి ఎర్ర అంచు ఉంటే ఆ రెండూ కలిసే చోట ఎరుపు పచ్చలోకి కారినట్టు కనబడుతుంది. కొనేవాళ్లు చూసి "రంగు దిగుతుందా అండీ" అని అడుగుతారు. దిగింది బట్టలో కాదు, ఫైల్లో.

ఇది ఒక్కసారి జరిగితే పెద్దగా తెలియదు. మళ్లీ మళ్లీ జరిగితేనే గొడవ. ఆధార్ కార్డు జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్‌కి జిరాక్స్ తీసి, దానికి మళ్లీ తీస్తే మొహం నల్లటి మచ్చ అవుతుంది చూశారా, అదే ఇది. ఫోటోని కత్తిరించినా, సైజు మార్చినా, ఇందాక చెప్పిన గళ్లు పక్కకి జరుగుతాయి, కొత్తగా కోయడం మొదలవుతుంది, ఇంతకుముందు మిగిలినదాంట్లోంచి మళ్లీ కొంత పోతుంది. నెయ్యి ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వంచిన ప్రతిసారీ పాత గిన్నెకి కొంత అంటుకుని ఉండిపోతుంది కదా, గిన్నెలు తగ్గించుకోవాలి మనం. ఫోటోని చిన్నది చేయక తప్పదు, అది ఒప్పుకుందాం. ఆ చిన్నది చేసేదేదో మన చేత్తో, అసలు ఫోటో నుంచి, చివరలో, ఒక్కసారే చేద్దాం. యాప్‌కి వదిలేయొద్దు. నేను ఇవాళ చెప్పేదంతా ఈ ఒక్క మాటకి వివరమే.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం సరిదిద్దాలి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేస్తే చేసినకొద్దీ ఫోటో పాడవుతుందని చాలామంది అంటారు. ఫార్వర్డ్ బటన్ నొక్కితే ముందు పంపిన ఫైలే ముందుకెళ్తుంది, మళ్లీ నలగదు. పాడయ్యేది ఎప్పుడంటే దాన్ని గ్యాలరీలోకి దించుకుని, కత్తిరించి, పేరు రాసి, మళ్లీ ఎక్కించినప్పుడు. అన్నిటికంటే ఎక్కువగా స్క్రీన్‌షాట్ తీసినప్పుడు. స్క్రీన్‌షాట్ అంటే ఫోటో కాదు, మీ ఫోన్ తెర మీద ఆ క్షణాన ఎంత కనబడుతోందో దాని బొమ్మ. పైనా కిందా బటన్లు, బ్యాటరీ గుర్తూ పోగా ఫోటో భాగం ఎంత మిగులుతుంది? మీ గ్రూపుల్లో అమ్మేవాళ్లకి ముందు ఈ ఒక్కటి చెప్పండి, స్క్రీన్‌షాట్ వద్దు, అసలు ఫోటో అడగండి అని.

ఇప్పుడు లెక్క చూద్దాం. మామూలు ఫోన్ ఫోటో 4000 బై 3000, అంటే కోటీ ఇరవై లక్షల చుక్కలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడుగు వైపు సుమారు 1600కి దిగుతుంది, అంటే పంతొమ్మిది లక్షల చిల్లర. ఆరో వంతు కూడా లేదు. 2023 ఆగస్టులో హెచ్‌డీ అని ఒక గుర్తు పెట్టారు, ఫోటో ఎంచుకున్నాక పైన కనబడుతుంది, అది నొక్కి పంపితే చాలా మేలు. ప్రతిసారీ నొక్కడం మర్చిపోతారు కాబట్టి సెట్టింగ్స్‌లోకి వెళ్లి, స్టోరేజ్ అండ్ డేటాలో, మీడియా అప్‌లోడ్ క్వాలిటీ అని ఉంటుంది, అక్కడ హెచ్‌డీ పెట్టేయండి. ఇప్పుడే పెట్టండి, నేను ఆగుతాను.

అయిందా? అక్కా, మీ ఫోన్లో కనబడకపోతే వాట్సాప్ అప్‌డేట్ చేసుకోవాలి, తర్వాత చూద్దాం.

హెచ్‌డీ కూడా నలపకుండా పంపదు, తక్కువ నలుపుతుంది, అంతే. ఏమీ పోకుండా వెళ్లాలంటే ఫోటోని డాక్యుమెంట్‌గా పంపాలి. పేపర్‌క్లిప్ గుర్తు నొక్కి, గ్యాలరీ కాకుండా డాక్యుమెంట్ ఎంచుకుని, అక్కడి నుంచి ఫోటో తీసుకోవాలి. 2022 నుంచి ఒక్కో ఫైలు రెండు జీబీల దాకా పంపుకోవచ్చు, అంతకుముందు వంద ఎంబీయే ఉండేది. టెలిగ్రామ్‌లోనూ ఇలాగే ఫైల్‌గా పంపొచ్చు. ఫోటోలు ఎక్కువుంటే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింక్ ఇవ్వండి. పక్కనే ఉన్న మనిషికైతే ఆండ్రాయిడ్‌లో క్విక్ షేర్, ఐఫోన్‌లో ఎయిర్‌డ్రాప్ ఉన్నాయి, నెట్ కూడా అక్కర్లేదు. మగ్గం ఇంటి నుంచి షాపుకీ, షాపు నుంచి ఫోటో సరిచేసేవాళ్లకీ వెళ్లేది ఎప్పుడూ డాక్యుమెంట్‌గానే వెళ్లాలి. కొనేవాళ్లకి చూపించేది హెచ్‌డీ చాలు.

ఆడవాళ్లు ఇంటి నుంచి అమ్ముతున్నారు కాబట్టి ఈ మాట తప్పక చెప్పాలి. డాక్యుమెంట్‌గా పంపిన ఫోటోలో ఏదీ పోదు అన్నాను కదా, దాంట్లో ఆ ఫోటో ఎక్కడ తీశారో ఆ లొకేషన్ కూడా పోదు, అదీ వెళ్తుంది. మామూలు ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని తీసేస్తుంది. కాబట్టి కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపేసుకోండి. ముక్కూ మొహం తెలియనివాళ్లకి మీ ఇంటి అడ్రస్ చేరడం ఎందుకు.

ఇన్‌స్టాగ్రామ్‌కి వస్తే, అది వెడల్పు 1080 పిక్సెళ్ల దాకా ఉంచుతుంది. అంతకంటే పెద్దది పెడితే తనే కుదిస్తుంది, ఎలా కుదిస్తుందో మన చేతిలో ఉండదు. మీరే 1080 వెడల్పుకి తెచ్చి పెడితే అది చేసే పని తగ్గుతుంది. నిలువు ఫోటోకి 1080 బై 1350 చాలాకాలంగా నడుస్తోంది, 2025 నుంచి 1080 బై 1440 కూడా తీసుకుంటోంది, ప్రొఫైల్ పేజీలో చదరాలు పోయి నిలువు గళ్లు వచ్చాయి, మీరు గమనించే ఉంటారు. చీరకి నిలువే మంచిది, తెర అంతా నిండుతుంది. స్టోరీకైతే 1080 బై 1920. అక్కడ కూడా సెట్టింగ్స్‌లో హైయెస్ట్ క్వాలిటీతో అప్‌లోడ్ చేయమనే బటన్ ఉంది, మీడియా క్వాలిటీ అనే చోట, అది ఆన్ చేయాలి. ఫేస్‌బుక్ కాస్త ఉదారం, 2048 వెడల్పు దాకా పెట్టుకోవచ్చు.

ఇప్పుడు మీరు బాగా పట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. చీర వెడల్పు సుమారు నలభై ఆరు అంగుళాలు. వెడల్పంతా పరిచి తీసిన ఫోటో 1080 పిక్సెళ్లకి దిగిందంటే అంగుళానికి ఇరవై మూడు చుక్కలు వస్తాయి. మీ నేతలో అంగుళానికి ఎన్ని పోగులుంటాయో నాకంటే మీకే బాగా తెలుసు, ఇరవై మూడుకి ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే ఆ ఫోటోలో పోగు కనబడటానికి చోటే లేదు. ఎంత మంచి కెమెరా తెచ్చినా, ఏ సెట్టింగ్ పెట్టినా కనబడదు. కాబట్టి ఒక్క ఫోటోతో అన్నీ చూపిద్దామనుకోవద్దు. మొదటి ఫోటో నిండు చీర. రెండోది కొంగు. మూడోది అంచు, ఒక జానెడు. నాలుగోది బట్ట మాత్రమే, రెండు అంగుళాల మేర, దగ్గరగా. ఆ నాలుగో ఫోటోలో అంగుళానికి ఐదొందల చుక్కలు పడతాయి, పడుగూ పేకా విడివిడిగా కనబడతాయి, పోగులో ఉండే చిన్న ఎచ్చుతగ్గులు కూడా కనబడతాయి. చేత్తో నేసిన గుర్తు అదే. నా అనుభవంలో కొనేవాళ్లు వేలితో పెద్దది చేసి చూసేది ఈ నాలుగో ఫోటోనే.

గళ్ల చీరలకి ఇంకో ఇబ్బంది ఉంది. నిండు చీర ఫోటో చిన్నది చేశాక దాని మీద నీళ్లలో అలల్లాగా, చీరలో లేని వంకర చారలు కనబడతాయి. ఇదిగో, ఈ ఫోటో చూడండి, ఈ మూల. ఇది పచ్చా తెలుపూ సన్న గళ్ల చీర, ఈ అలలు చీరలో లేవు. సన్న గీతల వరసకీ చుక్కల వరసకీ పొత్తు కుదరక వచ్చేవి ఇవి. తీసేటప్పుడే ఫోన్ స్క్రీన్ మీద కనబడితే కంగారుపడొద్దు, ఫోటో పెద్దది చేసి చూడండి, అందులో లేకపోతే అది స్క్రీన్ చేసే మాయే. ఫోటోలోనే ఉంటే ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగి, కాస్త కోణం మార్చి మళ్లీ తీయండి, పోతుంది. చిన్నది చేసినప్పుడు వస్తే మాత్రం వేరే సైజు పెట్టి చూడాలి, లేదా చీర మొత్తం కాకుండా సగం మడత తీసుకోవాలి. ఒక్కోసారి ఎన్ని చేసినా పోదు, అప్పుడు ఆ ఫోటో వదిలేసి చీరని కుచ్చిళ్లుగా పెట్టి తీస్తాను నేను.

రంగు గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఫైల్ ఎంత బాగా పంపినా తీసేటప్పుడే రంగు తప్పితే ఏం లాభం. రాణి కలర్, ఎరుపు, ముదురు గులాబీ, ఈ రంగులు ఫోన్‌కి కష్టం. ఫోటోలో ఎరుపు వంతు నిండిపోయి ఇక పైకెళ్లే చోటు లేక మడతలన్నీ కలిసి ఒకే ముద్దలా వస్తుంది. స్క్రీన్ మీద చీర ఉన్నచోట వేలితో తాకితే సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కిందకి లాగి కాస్త చీకటి చేసి తీయండి. తర్వాత వెలుతురు పెంచుకోవచ్చు కానీ ముద్దైపోయిన మడతల్ని ఎవరూ తేలేరు. ట్యూబ్‌లైట్ కింద తీయొద్దు, కిటికీ వెలుతురూ లైటు వెలుతురూ కలిపి అసలే వద్దు, చీరలో సగం ఒక రంగు, సగం ఒక రంగు అవుతుంది. లైట్లన్నీ ఆర్పేసి కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి ముందు ఒక ఫోటో తీసుకోండి. స్నాప్‌సీడ్ అని ఫోటోలు సరిచేసుకునే యాప్ ఉంది, దాంట్లో వైట్ బ్యాలెన్స్ అనే చోట చుక్కల మందు గొట్టం లాంటి బొమ్మ ఉంటుంది, దాన్ని ఆ తెల్ల కాగితం మీద పెడితే మిగతా రంగులు దారికొస్తాయి. పెద్ద కెమెరాలు వాడేవాళ్లు అడోబీ ఆర్‌జీబీ అనే రంగుల సెట్టింగ్ ఉంటే తీసేసి ఎస్‌ఆర్‌జీబీ పెట్టుకోండి, లేకపోతే ఫోన్లలో రంగులు వెలిసిపోయినట్టు కనబడే ప్రమాదం ఉంది.

నెమలికంఠం లాంటి చీరలకి ఒక ఫోటో ఎప్పుడూ అబద్ధమే చెబుతుంది. రెండు కోణాల నుంచి రెండు ఫోటోలు తీయండి, నీలం తేలేది ఒకటి, పచ్చ తేలేది ఒకటి. డాలస్ చీర దగ్గర నేను ఈ పని కూడా చేయలేదు.

ఇక ఫోటో మీద రాతలు. ధర, ఫోన్ నంబర్, షాపు పేరు, "చేనేత వస్త్రం" అని పసుపు అక్షరాలు, ఎర్ర నీడ. నా మాట వినండి, ధరా నంబరూ ఫోటో కింద టైప్ చేయండి, ఫోటో మీద వద్దు. మన అక్షరాలకి జేపెగ్ చేసే నష్టం ఇంగ్లీషు అక్షరాల కంటే ఎక్కువ. "వస్త్రం"లో స కింద రెండు వత్తులున్నాయి, త వత్తూ ర వత్తూ, అవి ఇంత సన్నగా ఉంటాయి, చుట్టూ దోమలు ముసిరినట్టు మచ్చలు వచ్చి వత్తులు కలిసిపోతాయి. పండగ శుభాకాంక్షల పోస్టర్ లాంటిదైతే రాయక తప్పదు, అప్పుడు లావు అక్షరాలు, లేత నేల మీద ముదురు రంగు, ఎరుపు మీద పచ్చా పచ్చ మీద ఎరుపూ మాత్రం వద్దు, ఇందాక రంగు కారడం గురించి చెప్పాను కదా, అదే కారణం. రాతలున్న పోస్టర్‌ని పీఎన్‌జీగా దాచుకోండి, ఆ పద్ధతిలో ఏమీ పోదు. ఇన్‌స్టాగ్రామ్ దాన్ని ఎలాగూ జేపెగ్ చేస్తుంది, కానీ కనీసం మీ దగ్గర నుంచి శుభ్రంగా వెళ్తుంది, వచ్చే ఏడాది తేదీ మార్చుకోవాలన్నా పనికొస్తుంది.

చిన్నది చేయడం ఎలా అని ముందు వరసలో బాబాయ్ అడుగుతున్నారు. ఫోన్ బ్రౌజర్‌లో స్క్వూష్ (Squoosh) అని గూగుల్ వాళ్లు పెట్టిన ఉచిత సాధనం ఉంది, ఫోటో మీ ఫోన్ దాటి ఎక్కడికీ వెళ్లదు, అక్కడే చిన్నదవుతుంది. మధ్యలో ఒక గీత ఉంటుంది, అటు అసలుది, ఇటు చిన్నది చేసింది, గీత జరుపుతూ పోల్చుకోవచ్చు. వెడల్పు 1080 కొట్టి, క్వాలిటీ 85 నుంచి 90 మధ్య పెట్టి, గీతని అంచు మీదకి తెచ్చి జరీ చూడండి. జరీ పోగులు విడిగా ఉన్నాయా, సరే. కలిసిపోయాయా, నంబర్ పెంచండి. ఆ నంబర్ అందరికీ ఒకటే అని చెప్పలేను, ప్లెయిన్ చీరకి 80 కూడా చాలు, సన్న గళ్లకి 92 కావాల్సి రావచ్చు. చిన్నది చేశాక కాస్త షార్ప్‌నెస్ ఇవ్వండి, చాలా కొద్దిగా, పోగుల చుట్టూ తెల్ల గీతలు కనబడ్డాయంటే ఎక్కువైనట్టు. స్నాప్‌సీడ్ వాడేవాళ్లు దాని సెట్టింగ్స్‌లో సైజు తగ్గించొద్దు అని పెట్టుకుని, జేపెగ్ వంద శాతం పెట్టుకోండి, చిన్నది చేయడం చివర్లో వేరేగా చేసుకోవచ్చు.

ఒక అబ్బాయి చేయి ఎత్తాడు. ఏఐతో ఫోటో క్లియర్ చేసే యాప్‌లు వాడొచ్చా అని. మనిషి మొహాలకి మీ ఇష్టం. చీరకి మాత్రం నేను వద్దంటాను, గట్టిగా అంటాను. పోయిన వివరం ఏమిటో ఆ యాప్‌కి తెలియదు, ఉండొచ్చని ఊహించి గీస్తుంది. నేను ఒక ఇక్కత్ చీర మీద ప్రయత్నించి చూశాను. ఇక్కత్‌లో రంగు అంచులు కాస్త చెదిరి ఉంటాయి, పోగుకి ముందే రంగు వేసి నేస్తారు కాబట్టి అలా వస్తుంది, అదే దాని అందం. ఆ యాప్ ఆ చెదిరిన అంచులన్నిటినీ కత్తితో కోసినట్టు సాపు చేసింది. చూడటానికి అచ్చు వేసిన బట్టలా తయారైంది. అసలైన పనిని నకిలీలా చూపించినట్టయింది కదా? పైగా చీర చేతికొచ్చాక కొనేవాళ్లు ఫోటోలో ఉన్నదీ ఇదీ ఒకటి కాదంటారు, వాళ్లకి ఏం సమాధానం చెబుతాం.

డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలన్న నంబర్, 300 పెట్టాలా 72 పెట్టాలా అని ఇంకో ప్రశ్న. తెర మీద చూసే ఫోటోకి ఆ నంబర్‌తో పనిలేదు, ఎన్ని పిక్సెళ్లున్నాయన్నదే లెక్క. బ్యానర్ ప్రింట్ వేయించేటప్పుడు దాని గురించి ఆలోచించండి. ఐఫోన్ ఉన్నవాళ్లు కొన్ని కంప్యూటర్లలో ఫోటో తెరుచుకోవడం లేదంటున్నారు, అది హెచ్‌ఈఐసీ అనే వేరే పద్ధతిలో దాస్తుంది, కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్‌కి వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ పెడితే జేపెగ్‌లోనే తీస్తుంది.

చివరిగా ఈ అక్క అడిగింది ముఖ్యమైనది. రెండొందల చీరల ఫోటోలు వాట్సాప్‌లో మాత్రమే ఉన్నాయి, ఫోన్ నిండిపోయిందని గ్యాలరీలోవి తీసేశారు, వాటిని మళ్లీ బాగుచేయొచ్చా అని. అక్కా, వాట్సాప్ ఫోల్డర్లో ఉన్నది అప్పటికే నలిగిన కాపీ, మీరు పంపినవి సెంట్ అనే ఫోల్డర్లో కనబడినా అవీ నలిగినవే. అందులోంచి పోయింది తిరిగి రాదు. ముందు గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ ఆన్ అయి ఉందేమో చూడండి, ఉంటే చాలావరకు దొరుకుతాయి, చాలామందికి అది ఆన్‌లో ఉన్న సంగతే గుర్తుండదు. గ్యాలరీలో ఈ నెలలోనే తీసేసినవైతే ట్రాష్ కూడా చూడండి. అక్కడా లేకపోతే, బీరువాలో ఇంకా ఉన్న చీరల వరకు ఒక పొద్దున కూర్చుని మళ్లీ తీద్దాం, నేను వస్తాను, రెండొందలూ ఒకేసారి కాకపోయినా రోజుకి ఇరవై చొప్పున అయిపోతాయి. అమ్ముడుపోయినవాటికి కొన్నవాళ్లని అడగండి, కట్టుకుని తీయించుకున్న ఫోటోలు వాళ్ల దగ్గర ఉంటాయి. అడిగేటప్పుడు మాత్రం డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి.